పెళ్లికి అడ్డొచ్చే గొంతు

సామేలు పెళ్లి వీడియో తీస్తే అందులో పంతులు కంటే సామేలే ఎక్కువ మాట్లాడతాడు. కోరుట్లలో ఫొటో స్టూడియో నడిపే ఈ మనిషికి ఊరికే తీస్తే చాలదు. ఎందుకు తీస్తున్నాడో, తీసే హక్కు తనకెక్కడిదో ఆ వీడియోలోనే ఆలోచించుకోవాలి. అదీ పైకి, గట్టిగా.

ఒక పెళ్లిలో సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు తెరమీద ఫంక్షన్ హాలు ఫ్యాను తిరగడం మొదలైంది. వెనకనుంచి సామేలు గొంతు: "అందరు పిల్లను చూస్తున్నరు. నేను చూస్తున్ననా? కెమెరా చూస్తున్నది. కెమెరా చూసిందాన్ని నేను చూసిన్నని ఎట్ల చెప్పాలె?"

"మా పెండ్లి ఏదిరా?" అంటూ పెళ్లికొడుకు తండ్రి పెన్‌డ్రైవ్ విసిరికొట్టి పోయాడు.

సిరిసిల్లలో కొత్త మగ్గాల షెడ్డు ప్రారంభానికి పిలిచారు. రిబ్బన్ కత్తిరిస్తున్న ఓనరు మీద సామేలు నీడ పడింది. ఇంకెవరైనా అయితే పక్కకు జరిగేవారు. సామేలు ఆ నీడనే దగ్గరగా చూపించి, "గీ నీడ తీసేస్తే నేనీడ లేనట్టు అబద్ధం చెప్పినట్టే గద" అన్నాడు.

"షెడ్డు నాది, నీడ నీదా?" అని ఓనరు ఫోనులో అరిచిన అరుపు పక్క కొట్టుదాకా వినిపించింది.

ఊరంతా నవ్వుకుంది. నవ్వు రానిది సామేలు భార్య సుమలతకే. స్టూడియోలో ఆల్బములు చేసేది ఆమె. ముహూర్తాలు వచ్చాయి, పోయాయి. బ్యాండు మేళాలు స్టూడియో ముందునుంచే పోతున్నా ఒక్కరూ మెట్టెక్కలేదు. అందరూ డ్రోన్ ఎగరేసే కొత్త స్టూడియోకే పోతున్నారు. ఖాళీ కౌంటరు మీద మోచేతులాన్చుకుని ఆ మేళాలు వింటుంటే సుమలతకు ఏడుపొచ్చేది.

"జర నోరు మూసుకొని తియ్యరాదయ్యా?"

"నోరు మూసుకుంటే కండ్లు గూడ మూసుకున్నట్టే అయితది నాకు."

"అయితే స్టూడియో మూసుకుందాం తియ్."

కోపంతో అన్న మాట కాదది. ఆశ చచ్చిపోయి అంది. సామేలు గుడ్డ తీసుకుని కెమెరా తుడవడం మొదలుపెట్టాడు.

అప్పటికి చేతిలో మిగిలింది గొల్లపల్లి నర్సన్న కూతురు సుస్మిత పెళ్లి వీడియో ఒక్కటే. నర్సన్న మస్కట్‌లో ఏళ్లకేళ్లు పనిచేసి వచ్చినవాడు. అక్కడ సూపర్‌వైజరని కూతురు నమ్మింది, అత్తగారింట్లోనూ అదే చెప్పుకుంది. నర్సన్న భార్య భూదేవి ముందే తెగేసి చెప్పింది: "మా ముంగటనే పెట్టి చూపియ్యాలె. మీ ఆయన గొంతు ఇనవడ్డదో, ఎనుకకు తీస్కపోవుడే!"

సుమలత భర్తకు తెలియకుండా అతను తర్వాత మైకులో చెప్పి కలిపిన మాటలన్నీ తీసేసి, పెళ్లినాటి అసలు చప్పుళ్లు పెంచింది. మొదటినుంచి మళ్లీ విని చూసుకునే ఓపిక ఆమెకు మిగల్లేదు.

నర్సన్న ఇంట్లో టీవీ ముందు అందరూ చేరారు. సుస్మిత పక్కన కొత్త అల్లుడు కుమార్. మేళం మోగింది, మంత్రాలు వినిపించాయి. సామేలు గొంతు లేదు.

"అబ్బ, గిప్పుడు పెండ్లి లెక్కున్నది!" అంది భూదేవి.

సామేలు బిత్తరపోయి భార్యవైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

తెరమీద అల్లుడి కాళ్లు కడగడానికి నర్సన్న చెంబు అందుకున్నాడు. భూదేవి తమ్ముడు మహిపాల్ అతని భుజం పట్టి నెట్టాడు. "జరుగు బావా. మస్కట్‌ల..."

సామేలు ఒక్క గంతులో టీవీకి అడ్డం నిలబడ్డాడు.

"గిదీ! గిక్కడ కెమెరా వణికింది! ఎందుకు వణికింది? చెయ్యి వణికిందా, మనసు వణికిందా? వణికినోడు తీసిన పెండ్లి నిజమైన పెండ్లేనా?"

"మల్ల షురూ చేసిండు!" భూదేవి నెత్తి కొట్టుకుంది. కుమార్ పగలబడి నవ్వాడు. సుస్మిత, "అన్నా, జరుగే!" అని కేకలు పెట్టింది. సామేలు జరగలేదు. గొంతు ఇంకా పెంచాడు.

టీవీని ఆనుకుని నిలబడ్డ సుమలతకు మాత్రం, పెళ్లినాడు మేళం హోరులో కలిసిపోయిన మహిపాల్ మాట పూర్తిగా వినిపించింది. "...కక్కోసులు కడిగిన చేతులతోని అల్లుని కాళ్లు కడుగుతవా?"

ఆమె గిరుక్కున తిరిగింది. నర్సన్న వైపు చూసింది. అతను తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

వెళ్లేటప్పుడు నర్సన్న గేటుదాకా వచ్చాడు. "తమ్మీ, నీ మాటలున్న క్యాసెట్టే ఇయ్యి."

"వదిన ఒప్పుకోదేమో అన్నా."

"నాకు నీ ముచ్చట్లంటే ఇష్టమని చెప్త. నాకు గూడ పిచ్చి లేసిందనుకుంటది, అనుకోనియ్."

బస్సులో సుమలత అడిగింది: "ఎన్ని పెండ్లిళ్లల్ల గిట్ల కప్పినవ్? నాకన్న చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు గూడ ఇన్నట్టే గద. కెమెరాకు సిగ్గుండది. పట్టుకున్నోనికన్న ఉండాలె." బస్సు టికెట్టు మడుస్తూ అన్నాడు: "అన్నీ గట్ల కాదులే. ఊకెనే మాట్లాడినయి గూడ ఉన్నయ్."

మర్నాడూ గిరాకీ రాలేదు. సుమలత అతని మాటలన్నీ మళ్లీ వీడియోలో కలిపి, మొదటిసారి చివరిదాకా విన్నది. ఒకచోట ఆపి మైకు అతని ముందుకు నెట్టింది.

"మహిపాల్ మాట చివర ఇంకింత ఇనవడ్తున్నది. ఇంకొంచెం మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?" అన్నాడు సామేలు, మాటలు దొరక్క నీళ్లు నములుతూ.