పడవ కడుపులో ఇత్తడి బిళ్ళ

మొన్న ఆదివారం పొద్దున్నే నా మనుమరాలు, అంటే నా బిడ్డ కూతురు, ట్రాలీ ఆటోలో ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ పడవను తెచ్చి మా వాకిట్లో దింపించింది. సన్నగా పొడుగ్గా ఉండి, మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని తెడ్డు వేసుకునే ఆ పడవను కయాక్ అంటారట. సెలవు దొరికితే చాలు, అది చెరువులోనే ఉంటుంది. అంతకు ముందు వారం పడవను ఒడ్డున తాడుతో కట్టి చాయ్ తాగి వచ్చేలోపు, గాలి గుంజుడుకు ముక్కు దగ్గరి ఇనుప కడియం ఊడివచ్చి, తాడూ కడియమూ ఒడ్డున మిగిలి, పడవ చెరువు నడుమకు పోయిందట. చేపలు పట్టేవాళ్ళు తెచ్చి అప్పగించారు. అది విన్న నా బిడ్డ ఇక మాట లేకుండా తేల్చేసింది. ఈసారి కడియం నిలిస్తే సరి, నిలవకపోతే పడవ పాత సామాన్ల బండికే.

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. కడియం పట్టీని రెండు మరమేకులతో ప్లాస్టిక్‌లోకే దిగగొట్టి, చుట్టూ ఏదో తెల్లగా పూసి ఉంది.

"ఏందే ఇది, గంజి వెట్టినవా?"

"గంజి గాదు అమ్మమ్మా, గమ్ము! మంచి కంపెనీది."

నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఇదే తప్పు నేను చేసినప్పుడు నాకు దాని వయసు కూడా లేదు.

మాది మగ్గాల ఇల్లు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నూలుకు రంగులద్దేది, ఎరుపు ఆమె చేతిలో పడ్డట్టు పేటలో ఇంకెవరి చేతిలోనూ పడదనేవారు. అంతటి మనిషికి నడుము పట్టేసింది. దవాఖానలో వంగవద్దన్నారు. వంగకుండా డ్రమ్ములోంచి రంగునీళ్ళు ముంచేదెట్లా? ఆ పని మానితే ఆమె మంచాన పడిపోతుందని, పైకి అనకపోయినా, ఇంట్లో అందరికీ తెలుసు. అప్పుడప్పుడే మా ఇంట్లోకి నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చింది. దాన్ని దిమ్మె మీద పెట్టి అడుగున నల్లా బిగిస్తే అత్త పీట మీద కూర్చునే రంగు పట్టుకోవచ్చని నాకు తోచింది. రెండో తరగతితో బడి మానిన దాన్నే గానీ, తోచినదాన్ని చేయకుండా ఉండే దాన్ని కాదు.

ఇనుప చువ్వ కాల్చి కంత పెట్టాను. కంత కాస్త పెద్దదైంది. మా ఇంట్లో గంజితో కాని పనంటూ లేదు కదా, పడుగుకు గంజి, గాలిపటానికి గంజి, చిరిగిన పుస్తకానికి గంజి. నూలు పోగులను చిక్కటి గంజిలో ముంచి నల్లా చుట్టూ కుక్కి, రెండు రోజులు ఎండబెట్టాను. రాయిలా గట్టిపడింది. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

డ్రమ్ము నిండా ఎర్రరంగు నీళ్ళు పోశాం. ఎండిన గంజి నీళ్ళకు ఎంతసేపు ఆగుతుంది? అత్త పీట వేసుకుని కూర్చుని నల్లా తిప్పబోయేసరికి అది ఆమె చేతిలోకే వచ్చేసింది. రంగంతా ధారగట్టి, పక్కన ఆరవేసిన తెల్లనూలు చిలుపల, అంటే నూలు కట్టల, మీదుగా వాకిలి దాటి వీధిలోకి పోయింది. అత్త నల్లాను చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుంది.

"నూలుకు రంగెయ్యమంటే నా కోడలు వాడకేసింది," అంది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నేను రెండు రోజులు తల ఎత్తలేదు.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బిందెలకు మాట్లు వేస్తామని కేకవేస్తూ గల్లీలు తిరిగేవారు. అట్లా తిరిగే ఒక తాతను పిలిచి డ్రమ్ము చూపించాను. ఆయన గంజి గీకి వాసన చూసి, "గంజి బట్టకు బిడ్డా, డబ్బాకెందుకు?" అని నవ్వి, పగిలిన ఇత్తడి పళ్ళెంలోంచి అరచేయంత బిళ్ళ కోసి, పాత సైకిల్ ట్యూబు ముక్క లోపలొకటి బయటొకటి పెట్టి, నల్లా తోకను అన్నిట్లోంచి దూర్చి, లోపలి వైపు నట్టు బిగించాడు.

"పిలాస్టిక్కు మెత్తటిది, మేకును పట్టుకోదు. బరువు బిళ్ళ మొయ్యాలె. రేపటికి రబ్బరు అణుగుతది, ఎండెక్కినంక మల్లొక్క మర తిప్పు, మరువకు," అన్నాడు.

అత్త ఆయనకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఆ నల్లా దగ్గర కూర్చుని ఆమె ఇంకా ఎన్నో ఏళ్ళు రంగులద్దింది. నన్ను ముఖం మీద ఎన్నడూ మెచ్చుకోలేదు గానీ, వచ్చినవాళ్ళకు మాత్రం మా కోడలి నల్లా అని చూపించేది.

డ్రమ్ము పగిలినా ఇత్తడి బిళ్ళను నేను పారేయలేదు, మేకులూ నట్లూ దాచుకునే నా రేకు డబ్బాలో వేసి పెట్టాను. ఆ డబ్బాను చూసి నా బిడ్డ ఎప్పుడూ వెక్కిరిస్తుంది, మొన్న ఆదివారం మాత్రం తనే తెచ్చి నా ముందు పెట్టింది. బిళ్ళకు రెండు కొత్త కంతలు పెట్టి, తెగిన రబ్బరు చెప్పులోంచి మెత్తలు కోశాను. పడవ పైన మూత ఉన్న చిన్న కంతలోంచి లోపలికి చేయి పెట్టాలి, తెడ్డు వేసి కండ తిరిగిన నా మనుమరాలి చేయి పట్టలేదు. ఎండిపోయిన నా చేయి భుజం దాకా పోయింది. లోపల బిళ్ళను ఆనించి నేను నట్టు పట్టుకుంటే బయట అది బోల్టు తిప్పింది. మరునాడు ఎండెక్కాక ఇంకో మర బిగించాం.

"ఇగ గుంజుండ్రి," అని నేనే పడవలోకి ఎక్కి కూర్చున్నాను. కడియానికి తాడు కట్టి తల్లీ కూతుళ్ళు లాగితే, పడవ నన్ను మోసుకుని గేటు దాకా జరజరా పోయింది. కడియం కదల్లేదు.

"దిగవే అమ్మా, పడవ పొట్ట గీసుకపోతాంది!" అని నవ్వుకుంటూ అరిచింది నా బిడ్డ. పాత సామాన్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు మా గల్లీలో మగ్గం చప్పుడు లేదు, మాట్ల కేక అసలే లేదు. బిందె కారితే కొత్త బిందె వస్తుంది. దానికి నేనేమీ ఏడవను, నడుములు వంచి చేసే చాకిరీ తగ్గింది, మంచిదే. కానీ ఆ బిళ్ళ ఇప్పుడు చెరువు మీద తిరుగుతున్నదని తలచుకున్నప్పుడల్లా ఒక్కటి తోస్తుంది. ఎండెక్కినంక మల్లొక్క మర అని మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళకు నేర్పి పోయిన ఆ తాత పేరేమిటో, రొట్టె పెట్టిన రోజున మాలో ఒక్కరమూ అడగలేదు.