లిస్టు మాస్టారి బొటనవేలు

మొబైల్ యాప్‌లో పేర్లు వరుసలుగా జారే టేబుల్ స్క్రీన్లు చెయ్యడంలో తొమ్మిదేళ్లుగా చెయ్యి తిరిగినవాడు కాబట్టి, ఆఫీసులో అతన్ని అందరూ లిస్టు మాస్టారంటారు. ఎవరు చేసిన స్క్రీనైనా సరే, బొటనవేలు చొక్కాకు తుడుచుకుని సర్రున పైకి తోసి, ఎక్కడైనా తడబడితే "ఊఁ" అని తృప్తిపడతాడు. తన స్క్రీన్లను మాత్రం అలా తోసి చూసిన పాపాన పోలేదు. కొత్తమ్మాయి చేసిన డాక్టర్ల జాబితాను మేనేజరు "వెన్నలా జారుతోంది" అని మెచ్చుకున్నప్పటి నుంచి అతనికి కాఫీ కూడా సయించడం లేదు. ఆమె సీట్లో లేనప్పుడు వెళ్లి పదిసార్లు తోశాడు. పదకొండోసారి దొరికింది: లేడీ డాక్టరు పేరు పక్కన, అప్పుడే పైకి వెళ్లిపోయిన మీసాలాయన ఫొటో! పైకి వెళ్లిపోయిన వరుసనే కింద కొత్త పేరుకు మళ్లీ వాడేముందు అందులోని పాత ఫొటో చెరపలేదన్నమాట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. క్లయింటు ముందే బయటపడనీ అనుకుని, ఈల వేసుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

క్లయింటుతో మీటింగుకు వెళ్తూ ఆమె అతని దగ్గర ఆగింది. "మాస్టారూ, వరుసల కోడంతా మీ పాత స్క్రీన్‌లోదే. ఒక్క అక్షరం మార్చలేదు. లోపల మీ పేరే చెప్తాను."

ఈల ఆగిపోయింది. బొటనవేలు చొక్కాకు రుద్దుకుంటూ అన్నాడు: "అబ్బే, నా పేరెందుకమ్మా! అంతా నువ్వు చేసిందేగా."