సారవ్వ ఎంచుకున్న గడి

గనుల ప్రథమ చికిత్స పోటీలో గోదావరిఖని జట్టు గెలిచిందన్న వార్త క్వార్టర్లకు చేరేసరికి సారవ్వ నీళ్ళు కాగబెడుతోంది. అందులో విశేషమేమీ లేదు. ఏ వార్త ఎప్పుడు వచ్చినా ఆమె నీళ్ళు కాగబెడుతూనే ఉండేది.

భర్త మొగిలి గని నుంచి నల్లగా తిరిగివచ్చే వేళకు వాకిట్లో బొగ్గు పొయ్యి మీద గంగాళం మరుగుతూ ఉండాలి. మొదటి నీళ్ళు అతనివి. తరువాతివి పిల్లలవి. ఆ తరువాత అతని డ్యూటీ బట్టలు. సారవ్వ వంతు వచ్చేసరికి పొయ్యిలో బూడిద, గంగాళంలో చల్లటి నీళ్ళు మిగిలేవి. ఆడవాళ్ళు గనిలోకి దిగకూడదని చట్టం శాసించింది, మంచిదే. దిగకుండానే మూడు షిఫ్టులూ చేస్తున్న ఆడవాళ్ళ గురించి మాత్రం ఆ చట్టానికి ఒక్క వాక్యమైనా తట్టలేదు.

మొగిలి జట్టు నాయకుడు. డెబ్బయ్యో దశకం మొదట్లో ఆ బొగ్గుగనుల బెల్టులో అతని చెవిని మించిన చెవి లేదనేవారు. గనిలో పైకప్పు కూలి మనుషులు అవతల చిక్కుకుపోతే, వాళ్ళు రాయి తీసుకుని దగ్గరి పైపు మీద కొడతారు. విన్నవాడు ఇవతలి నుంచి తిరిగి కొట్టాలి. ‘విన్నాం, వస్తున్నాం’ అని దాని అర్థం. మొగిలికి ఈ నియమం నరాల్లో ఇంకిపోయింది. ఒకసారి పక్కింటి పూలమ్మ బిందె సొట్ట తీయడానికి రోకలితో కొడుతుంటే, అన్నం తింటున్న మొగిలి ముద్ద పళ్ళెంలో వదిలేసి గోడ మీద జవాబు కొట్టాడు. ఆ తరువాత చాలా రోజులు పూలమ్మ కనబడ్డప్పుడల్లా, “అక్కా, మీ ఆయన నాతోటి గోడ మాటలు మాట్లాడుతుండు, జర చూసుకో,” అనేది.

గనులకు దీపాలు అమ్మే కలకత్తా కంపెనీ ఒకటి జట్టు నాయకుడికి ప్రత్యేక బహుమతి ప్రకటించింది. భార్యతో కలిసి ఖాట్మండులో విహారం, అక్కడి పెద్ద హోటల్లో బస. హోటల్ ఏదన్నది గెలిచినవాళ్ళే తేల్చుకోవాలి.

“పాసుపోర్టు లేకుంట పోయేది ఫారెన్ ఎట్లయితదిరా?” అన్నాడు మొగిలితో పనిచేసే నర్సింగం కాక.

“మంచిర్యాలకు పోవాలంటె గోదారి దాటాలె కాక. గిది అంతకంటె జరంత దూరం,” అన్నాడు మొగిలి.

ఆదివారం సంక్షేమాధికారి ఉమామహేశ్వర్ మూడు హోటళ్ళ రంగుల బొమ్మల పుస్తకాలు పట్టుకుని క్వార్టరుకు వచ్చాడు. మంథనివాడు, మర్యాదస్తుడు. మంచం మీద పుస్తకాలు పరిచేసరికి సగం వాడకట్టు వాకిట్లోనే ఉంది.

“మొగిలీ, నా మాట వింటే ఈ గుడి దగ్గరి హోటల్ మేలు. పశుపతినాథుని దర్శనమూ అవుతుంది. తెల్లవారుజామునే గంటలు వినిపిస్తాయి,” అన్నాడు.

“తెల్లారకముందు సైరన్లు ఇన్నది చాలదా సారు, ఆడికి పోయి గంటలు గూడ ఇనాల్నా?” అంది సారవ్వ.

నర్సింగం కాక ఎనిమిది అంతస్తుల హోటల్ బొమ్మ మీద వేలు పెట్టాడు. “ఇగో, గిదే. బతుకంత కిందికి దిగేటోనివి, ఒక్కసారన్న పైకెక్కురా. మేం నలుగురిల చెప్పుకుంటం.”

మొగిలికీ అదే నచ్చింది. అప్పటికే మనసులో ఎనిమిదో అంతస్తు ఎక్కేసి కిందికి చూస్తున్నాడు.

సారవ్వ మూడో పుస్తకం వదల్లేదు. అది ఒకప్పటి రాజవంశీకుల భవనం, ఇప్పుడు హోటల్. తెల్లటి స్తంభాలు, ఎత్తైన తలుపులు. లోపలి పేజీలో ఒక స్నానాల గది. అందులో తెల్లని పెద్ద తొట్టి, దానికి సింహం పాదాలు, తల దగ్గర రెండు నల్లాలు.

“గీ రెండు నల్లాలు ఎందుకు సారు?”

“ఒకటి చన్నీళ్ళకు, ఒకటి వేన్నీళ్ళకు.”

“ఇప్పితె కాగిన నీళ్ళే వస్తయా?”

“వస్తాయమ్మా.”

“అయితె మేం గీడికే పోతం.”

మొగిలి పుస్తకం అందుకుని చూశాడు. అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది.

“గిది గడి లెక్కుంది,” అన్నాడు.

ఊళ్ళలో దొరలుండే కోటలాంటి ఇళ్ళను గడి అనేవారు. ఆ ముఖద్వారాల ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన తరం ఈ క్వార్టర్ల వాకిళ్ళలో ఇంకా బతికే ఉంది. మొగిలి తండ్రి కూలి లేకుండా గడికి కట్టెలు మోశాడు. ఆ మోత తప్పించుకోవడానికే మొగిలి గనికి వచ్చాడు.

“మా నాయిన కట్టెలు మోసి మోసి సచ్చిండు. ఇప్పుడు నేను పోయి గడిల పండాల్నా? నలుగురు ఏమనుకుంటరు?”

“మీ నాయిన కట్టెలు మోసిండు, సరె. గా కట్టెలతోని నీళ్ళెవలు కాగబెట్టిన్రు?”

మొగిలి పుస్తకం మంచం మీద పెట్టేశాడు.

“కమాన్‌పూర్ దిక్కు మా ఊరి గడిల మా అవ్వ కాగబెట్టింది. దొరసాని తానానికి కడవలు మోసి తొట్టి నింపింది. నేను తలుపు సందులకెల్లి చూసేదాన్ని. దొరసాని నీళ్ళల్ల కూసుంటె మా అవ్వ గోడకు నిలబడి, ఇంక వేడి గావాల్నా దొరసాని అని అడిగేది. మా అవ్వకు ఒంటి మీద పోసుకునుడే తెలుసు, నీళ్ళల్ల కూసునుడు తెల్వది. నాకు గా తొట్టిల కూసోవాలెనని ఉంది. గంతే.”

 ఉమామహేశ్వర్ పుస్తకాలు సర్దుకుంటూ, బహుమతి ఇద్దరి పేరిటా ఉన్నదని, ఇద్దరూ ఒక్కమాట మీదికి వస్తేగాని కలకత్తాకు కబురు పంపలేనని చెప్పాడు. భార్యాభర్తలిద్దరికీ సమానమైన మాట ఉందని ఆ వాకిట్లో ఒక అధికారి నోట పలకడం బహుశా అదే మొదటిసారి. అంత మంచి మాట పలికినందుకు ఆయనే కొంచెం కంగారుపడి, చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మరునాడు మొదటి షిఫ్టు. మధ్యాహ్నం మొగిలి వచ్చేసరికి గంగాళం మరుగుతోంది. రోజూ రాగానే చెంబు అందుకునేవాడు, ఆ రోజు పొయ్యి పక్కన గొంతుకూర్చున్నాడు. చాలాసేపు ఆవిరిని చూశాడు.

“ముందు నువ్వు పోస్కో,” అన్నాడు.

సారవ్వ అతనికేసి అనుమానంగా చూసింది. “ఏంది, పానం బాగలేదా? నువ్వు గిట్ల బొగ్గు లెక్క కూసోనుంటె నేను పోసుకునుడేంది? సూసెటోళ్ళు నవ్వరా?”

“ఈడ నవ్వుతరంటె, గడికే పోదాం. ఆడ ఎవలు మనల ఎరుగరు. ఆడ నువ్వే ముందు. మాటంటె మాటే.”

సారవ్వ చెంబు అతని చేతిలో పెట్టి గబగబా ఇంట్లోకి వెళ్ళింది. లోపల ఆమె ఒక్కతే నవ్వుకోవడం గోడవతలి పూలమ్మకు కూడా వినిపించింది.

రెండు రైళ్ళు, మధ్యలో ఒక బండి తప్పిపోవడం, ఆపైన కొండల మీద కడుపు తిప్పేసిన బస్సు. అన్నీ దాటి భవనం ముందు దిగినప్పుడు మొగిలి చేయి తనకు తెలియకుండానే చెప్పుల వైపు వెళ్ళింది. సారవ్వ ఆ చేయి పట్టుకుని పైకి లేపింది. ఇద్దరూ చెప్పులతోనే మెట్లెక్కారు. తలుపు దగ్గరి మనిషి వంగి సలాం చేశాడు. మొగిలి అంతకంటె కిందికి వంగి సలాం చేశాడు.

స్నానాల గది చూపించడానికి వచ్చిన పనివాడిని సారవ్వ భర్త చేత అడిగించింది. ఈ నీళ్ళు ఎవలు కాగబెడుతరు, ఎవలన్న ఆడమనిషి మోసుకొస్తదా? మొగిలి ఉర్దూలో అడిగి, జవాబు విని, పెద్దగా నవ్వాడు.

“ఎవలు మొయ్యరంట. కింద బాయిలరున్నదంట. దేనితోటి నడుస్తదో ఎరుకనా? బొగ్గుతోటి.”

“అయితె మన నీళ్ళే,” అని సారవ్వ లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

మొగిలి మంచం మీద కూర్చోవడానికి జంకి తివాచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి వినబడింది.

టక్, టక్. టక్, టక్.

చప్పుడు గోడ పక్క పైపులోంచి. అతని వెన్ను నిటారైంది. తాళంచెవి అందుకుని గోడ వెంట దిగుతున్న పైపు మీద జవాబు కొట్టాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. మళ్ళీ టక్, టక్, టక్.

ఇంకేం ఆలోచించాలి? మొగిలి వరండా వెంట పరుగెత్తాడు. కింద మేనేజరు బల్ల ముందు నిలబడి, తనకు వచ్చిన ఉర్దూలోనే, ఎక్కడో కప్పు కూలింది, మనుషులు చిక్కుకున్నారు, సజీవంగా ఉన్నారు, జల్ది చెయ్యాలని చెప్పాడు. పోటీలో గెలిచిన నాయకుడి గొంతు అది. మేనేజరు మరేమీ అడగకుండా ఇద్దరు మనుషులను, ఒక నిచ్చెనను వెంటబెట్టుకుని మెట్లెక్కాడు.

గదిలోకి రాగానే ఆయన చెవి పెట్టి విన్నాడు. తరువాత గోడను మెత్తగా తట్టి, భవనం పాతది, పైపులూ పాతవే, ఎవరైనా వేడినీళ్ళ నల్లా తిప్పినప్పుడల్లా లోపలి గాలి ఇలా కొట్టుకుంటుందని వివరించాడు. నిచ్చెన పట్టుకున్నవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. మొగిలి చెవులు ఎర్రబడ్డాయి. అందరూ వెళ్ళిపోయాక నెమ్మదిగా స్నానాల గది తలుపు దగ్గరికి వచ్చాడు.

లోపల సారవ్వకు సంగతంతా ఎప్పుడో అర్థమైంది. నల్లా తిప్పితే చప్పుడు, కట్టేస్తే లేదు. ఇవతలి నుంచి మొగిలి కొట్టిన జవాబూ విన్నది, పరుగూ విన్నది, నిచ్చెన గోడకు తగలడమూ విన్నది. నవ్వినప్పుడల్లా మెడ దాకా ఉన్న వేడినీళ్ళు తొట్టి అంచు దాటి పడ్డాయి.

ఇప్పుడు నల్లాలు రెండూ కట్టేసి ఉన్నాయి. అయినా మళ్ళీ వినబడింది. టక్, టక్, టక్. ఈసారి అది సారవ్వ పైపు మీద కొడుతున్న సబ్బుపెట్టె చప్పుడు.

“ఏమే, ఇంకెంతసేపు?” అన్నాడు మొగిలి.

“లోపట చిక్కుకున్నది నేనే,” అంది సారవ్వ. “ఫికరేం లేదు. జల్ది లేదు. నన్ను తియ్యకు.”

మొగిలి తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. తాళంచెవి తీసి పైపు మీద మెల్లగా జవాబు కొట్టాడు. విన్నానన్నంత వరకే. వస్తున్నానని కాదు.