చత్రు మడమ పరీక్ష

చత్రుకు ఒక్కటే జబ్బు: దారిని మడమతో తొక్కి చూడనిదే బరువెత్తడు. మరిపెడ చుట్టుపక్కల చిన్న పొక్లెయిన్ నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు. బండి దిగి నడిచేవాడు మాత్రం ఇతనొక్కడే. పది అడుగుల దూరమైనా సరే, చెప్పులు విడిచి, మడమ కొట్టుకుంటూ పోయి వస్తాడు. పెళ్లినాడు పందిట్లోకి కూడా అలాగే నడిచాడని తండాలో చెప్పుకుంటారు. కాదని చత్రు ఏనాడూ అనలేదు.

ఎత్తాక ఇంకో చాదస్తం. బరువు నేలకు జానెడు మించి లేవకూడదు; బండి తన ఇనుప చెయ్యి చాచకుండా ఒళ్లోనే పెట్టుకొని పోవాలి.

"జర పైకి లేపి జల్ది పోరాదు?" అనేవాడు కాంట్రాక్టర్ మహేందర్.

"పైకి లేస్తే ఊగుతది. ఊగితే బండి ఒరుగుతదన్నా."

"మరి ఎప్పుడు చేరుతవ్?"

"చేరుత."

మహేందర్‌కు ఒళ్లు మండేది. అయినా ఏడేళ్లలో ఒక్కసారీ బండిని పడేయని డ్రైవర్ ఇంకెక్కడ దొరుకుతాడని పళ్లు నూరుకొని ఊరుకునేవాడు.

ఈసారి మురికికాల్వ పని. వానలు పడేలోపు ముగియాలి. దారికి అడ్డంగా భద్రమ్మ ఇంటి ముందు రాతి గోలెం ఉంది. ఆమె అత్త నాటిది, బర్రెలకు కుడితి పోసేది, అరటన్ను బరువు. దాన్ని వెనక దొడ్లోకి మార్చాలి. రెండు రోజుల కింద ఇదే కాల్వ కోసం తన ఇంటి ముందు గోడ కూల్చినప్పుడు నోరెత్తని భద్రమ్మ, గోలెం అనేసరికి వచ్చి దాని అంచు మీద కూర్చుంది.

"పలిగితే మల్ల తెస్తరా? నేను లేవ."

మహేందర్ బతిమాలాడు. సర్పంచి పేరు చెప్పాడు. వాన పేరు చెప్పాడు. ఆమె ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

పొద్దున్నే ఒకసారి తొక్కి వచ్చిన దారే అయినా, చత్రు బండి దిగాడు. మహేందర్ తల పట్టుకున్నాడు.

"అవ్వా," అన్నాడు చత్రు, "గీ నేల నాకేమెరుక? యాభై ఏండ్ల సంది నువ్వు తిరుగుతున్నవ్. ముందు నువ్వే తొక్కి చూపియ్యి. ఎక్కడ గుల్లగ ఉందో చెప్పు."

భద్రమ్మ అతని మొహం కాసేపు చూసి, లేచింది. ఇంటి పక్క సందులో ఒకచోట ఆగింది.

"ఈడ పాతర ఉండె. వడ్లు దాచేటోళ్లం. దీని మీదికెల్లి రాకు."

"రానవ్వా."

గోలెం జానెడెత్తు లేచింది. ఇరవై అడుగుల ముందు భద్రమ్మ, మడమ కొడుతూ. ఆమె ఆగితే బండి ఆగింది. పాతర ఉన్న సందు వదిలి, ఇంటికి అవతలి పక్కనుంచి చుట్టు తిరిగి, దొడ్లో గోలెం చప్పుడు లేకుండా దిగింది. భద్రమ్మ నాలుగు పక్కలా తడిమి చూసింది.

"నేను మంచిగనే తెచ్చిన," అంది.

మహేందర్ ఊపిరి పీల్చుకున్నాడు. "పాతర సంగతి ఆమె చెప్పకుంటే కొంప మునుగుతుండె."

"మునగదన్నా. నిరుడు అవ్వ స్టేషన్ ఘన్‌పూర్ల బిడ్డ తాన ఉన్నప్పుడు, దాంట్ల మొరం నింపి గట్టి చేసింది నేనే."

"మరి చుట్టు తిరుగుడెందుకు?"

"గోడ కూలినకాంచి అవ్వ ఎవ్వలతోని మాట్లాడలే. గిప్పుడు జూడు."

మహేందర్ చూశాడు. కాల్వ పక్కన ఇంకా ముప్పై సిమెంటు గొట్టాలు మోయాల్సి ఉంది. మొదటి గొట్టం దగ్గర భద్రమ్మ కొంగు నడుముకు చుట్టుకొని నిలబడింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా, పక్కకు జరుగు. నేను తొక్కాలె."

మహేందర్ ఒకసారి మబ్బుల వైపు చూసి, పక్కకు జరిగాడు.