పసియా తాగిన పిల్ల

మొన్న నా గాల్ బ్లాడర్ ఆపరేషనుకి ముందు ఒక నర్సు వచ్చి, టిఫిన్ తిన్నారా, టీ తాగారా, గంజి, మజ్జిగ, పోనీ మంచినీళ్లయినా తాగారా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఇన్ని ప్రశ్నలేమిటని మా కోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నలభై ఏళ్ల కిందట నేను రాయ్‌పూర్‌లో రైల్వే ఆఫీసు టైపిస్టుని. మా పెద్దమ్మ నర్సు. విదేశాల నుంచి క్రైస్తవ డాక్టర్లు పది రోజుల కోసం వచ్చి, మందిర్ హసౌద్ దాటాక ఒక పల్లెలో, వేసవి సెలవుల్లో ఖాళీగా ఉన్న బడిలో క్యాంపు పెట్టారు. చీలిన పెదవులు కుట్టడం వాళ్ల పని. ఇంగ్లీషూ హిందీ రెండూ వచ్చని పెద్దమ్మ నన్ను సేవకు లాక్కెళ్లింది. నా ఇంగ్లీషు మీద నాకు కొండంత గర్వం. వాళ్ల పెద్ద డాక్టరు దొరగారు ఒక మాటంటే నేను నాలుగు కలిపి చెప్పేదాన్ని, ఆయన ముచ్చటపడేవాడు. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఒక తల్లి నాలుగేళ్ల కూతుర్ని ఎత్తుకొచ్చింది. తోటి పిల్లలు వెక్కిరిస్తున్నారని ఆ పిల్ల ఎప్పుడూ తల్లి కొంగుతో నోరు కప్పుకునేది. మర్నాడు పొద్దున్నే ఆపరేషను. రాత్రి నుంచి తిండి వద్దు, తెల్లారాక చుక్క నీళ్లు కూడా వద్దని చెప్పమన్నాడు దొరగారు. మే నెల ఎండ, పసిపిల్ల. నాకు జాలేసింది. తిండి పెట్టవద్దని మాత్రం చెప్పి, నీళ్ల మాట మింగేశాను.

పొద్దున అడిగితే ఏమీ పెట్టలేదంది తల్లి. నిజమే చెప్పింది. ఇక్కడ అన్నం వార్చిన నీళ్లను పసియా అంటారు, ఎండాకాలం పిల్లలకు లోటాడు తాగిస్తారు. అది దాహానికే గాని తిండి లెక్కలోకి రాదు. ఆ పొద్దున ఆమె పిల్లకి అదే తాగించింది. మా ఇంట్లో గంజీ అంతే, నాకు తెలియంది కాదు. మత్తులో పిల్లకి వాంతయింది, అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. మధ్యాహ్నానికి పిల్ల ప్రాణం పోయింది. దొరగారు ఆ బల్ల పక్కనే మోకరించి ఏడ్చాడు.

పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచింది. "నీళ్లు కూడా వద్దన్నాడుగా. చెప్పావా?"

"చెప్పాను పెద్దమ్మా," అన్నాను.

ఆ మాటే ఇంగ్లీషులో కాగితం మీదకెక్కింది, హిందీలో తల్లి దాకా వెళ్లింది. ఆమె మొగుడు అందరి ముందూ చెయ్యెత్తాడు. ఆమె తప్పించుకోలేదు. నా వైపు చూసి, "దీదీ చెప్పే ఉంటుంది. నేనే మరిచిపోయాను," అంది. అప్పటికైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. శనివారం దొరలు విమానమెక్కారు, సోమవారం నేను ఆఫీసుకెళ్లాను.

పెద్దమ్మ పోయింది. ఆ తల్లి ఉందో లేదో తెలియదు. ఉంటే, బిడ్డని తానే చంపుకున్నానని ఇంకా అనుకుంటూనే ఉంటుంది. ఆ పల్లె మా ఇంటికి బస్సులో గంట. ఆ బస్సెక్కడానికి కాలం నాకు నలభై ఏళ్లు ఇచ్చింది, నేను ఎక్కలేదు.