మార్సెలిన్ తీసిన ముస్కదే

సెవ్ర్ నది ఒడ్డున మా ఊళ్లో మగవాళ్లు ఆదివారం చర్చి నుంచి నేరుగా ఇంటికి పోరు. ఒకరి వైను పీపాల కొట్టులోంచి ఇంకొకరి కొట్టులోకి తిరుగుతారు. ఎవరూ పిలవరు, తలుపు తీసుంటే చాలు. గ్లాసు ఒకటే ఉంటుంది. యజమాని ముందు తాను తాగి, అదే గ్లాసు నింపి పక్కవాడికి అందిస్తాడు. చాలా దేశాల నీళ్లు తాగాను, టీ కోసం పూటలకు పూటలు మోకాళ్లమీద కూర్చోబెట్టిన మర్యాదలూ చూశాను. ఎంగిలిని ఇంత నిశ్చింతగా పంచుకునేవాళ్లు మాత్రం ఇక్కడే కనిపించారు. సరే, చెప్పాల్సింది మార్సెలిన్ ఎర్వుయే సంగతి.

ద్రాక్ష కోతకు ముందే ఆమె భర్త ఒగుస్త్ పోయాడు. కోతా, పిండడమూ ఆవిడే చేసుకుంది. చలికాలమంతా ముస్కదే, అదే మా తెల్లవైను, పీపాల్లో తన మడ్డిమీదే పడుకుంది. ఇక సీసాల్లోకి దింపాలి. అంతకు ముందు ఊరివాళ్లు రుచి చూసి, "ఇది ఎర్వుయే వాళ్ల వైనే" అనాలి. ఆవిడకు కావలసింది ఆ ఒక్క మాట.

ఆ ఆదివారం కొట్టు తలుపులు బార్లా తీసి, బల్లమీద తెల్లగుడ్డ పరిచి, పెళ్లినాటి గ్లాసులు ఆరు తుడిచి పెట్టింది. నేను వెళ్లేసరికి వెన్న రాసిన రొట్టెముక్కలు అంచులు ఎండి పైకి లేచాయి.

"ఎవరూ రాలేదా?"

"పక్కింటి కొర్మెరే గుమ్మందాకా వచ్చాడు పెద్దాయనా. తొంగిచూసి, టోపీ తీసి, వెనక్కి తిరిగాడు. మిగతావాళ్లూ ఆయన వెనకే. మా ఆయనుంటే టోపీ తీసేవాడా? తిట్టుకుంటూ లోపలికొచ్చేవాడు!"

"ఆరు గ్లాసులు పెట్టేది బేరానికొచ్చే దళారులకమ్మా. పెద్దమనుషులెవరో వస్తారనుకునుంటాడు."

"ఇన్నేళ్లలో ఆదివారం పూట ఈ గుమ్మం తొక్కానా? లోపల ఎలా తాగుతారో నాకేం తెలుసు?"

పక్క కొట్టులోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఏప్రన్ విప్పి విసురుగా అటు నడిచింది, నేనూ వెనకే వెళ్లాను. ఆడమనిషి గుమ్మంలో కనబడగానే నవ్వులు ఆగాయి.

"దళారులు పోయారా?" అన్నాడు కొర్మెరే.

"ఏ దళారులు? మీకోసమే పెట్టాను."

"మా మొహాలకి తలా ఒక గ్లాసా! నీ మొగుడు వింటే..." అని నవ్వబోయి, నాలుక కరుచుకున్నాడు. "ఇళ్లదగ్గర భోజనానికి చూస్తుంటారు. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాంలే."

ఒకరి వెనక ఒకరు జారుకున్నారు.

ఆవిడ తిరిగొచ్చి పీపాలోంచి ఒక గ్లాసుకి పట్టింది. ముందు తను తాగి, మళ్లీ నింపి నాకిచ్చింది. పలచటి వైను. తీపి ఊసే లేదు. నాలుక కొనమీద చిన్నగా చురుక్కుమని, తర్వాత సముద్రపు గాలిలా ఉప్పగా మిగిలింది. రెండో గుక్క నెమ్మదిగా తాగాను.

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది. ఒగుస్త్ తీసినదానికంటే తేలిగ్గా ఉంది."

"అయినా ఎర్వుయే వాళ్లదే కదా?"

"నీదమ్మా ఇది," అన్నాను, మెచ్చుకోలుగా.

ఆవిడ ముఖం తిప్పుకుని రొట్టెముక్కలు కోళ్లకోసం ఒక గిన్నెలోకి తీయసాగింది.