దూదమ్మ పాస్ చేసిన పెట్టె

బీరువాల ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు. అందరికీ దూదమ్మే. తయారైన ప్రతి బీరువా అంచుల వెంట ఆవిడ ఒక దూది ఉండను నడిపించేది. ఒక్క పోగు చిక్కుకుందా, బీరువా వెనక్కి. ఎక్కడా చిక్కుకోకపోతే తలుపు లోపలివైపు సుద్దముక్కతో ఒక టిక్కు. ముప్పై ఏళ్లు అలా టిక్కులు పెట్టింది, పెట్టినదాన్ని ఒక్కసారి కూడా చెరపలేదు. మేనేజరు వచ్చి బతిమాలినా సరే, చీమ దూరే సందున్న బీరువాను గేటు దాటనిచ్చేది కాదు. అంత మొండిఘటం.

రిటైరై ఇంట్లో కూర్చున్నాక మాత్రం ఆ చేతులు ఊరుకుంటాయా? డబ్బా మూతలు, కిటికీ గడియలు, పక్కింటాయన గేటు, అన్నిటికీ పరీక్షే. కొడుకు బస్సు డ్రైవరు. తల్లిని తన బస్సు ఎక్కనివ్వడమే మానేశాడు, పోయినసారి సీట్లన్నీ తడిమి పన్నెండు తప్పులు చెప్పిందని.

అందుకే శనివారం పొద్దున్నే కోడలు వచ్చి, "అత్తయ్యా, కంప్యూటర్‌కి క్యాబినెట్ కొనాలి. రేకు పని కదా, మీరొచ్చి చూడాలి" అనగానే ఆవిడకు కాలు నేల మీద నిలవలేదు. ఒకరు పిలిచి మరీ తనను అడిగారు!

కోడలు కంప్యూటర్‌ మీద కదిలే బొమ్మలు, అదే యానిమేషన్, తయారుచేసే పని నేర్చుకుంది. మూడు నిమిషాల బొమ్మ చేసి సోమవారం పదింటికల్లా పంపమని ఒక కంపెనీ పరీక్ష పెట్టింది. నచ్చితే ఉద్యోగం. పాత కంప్యూటర్ ఆ పని మోయలేక చతికిలబడింది. కొత్తది ఇంట్లోనే బిగించుకుందామని విడిభాగాలు తెచ్చేసరికి చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. అన్నిటినీ లోపల పెట్టే క్యాబినెట్ మాత్రం ఇక చవకలో చవకదే కొనాలి.

దుకాణంలో దూదమ్మ ఉన్నవాటిలో చవకైన మూడు క్యాబినెట్లు దింపించింది. మొదటిదాన్ని వేలితో కొట్టి, "అప్పడం" అని పక్కకు నెట్టింది. రెండోదాని ముందుభాగమంతా జల్లెడే.

"దీనికి ఒళ్లంతా చిల్లులేనా! దుమ్ము పోయి కాపురం పెట్టదూ?"

"దానికైతే గాలి బాగా ఆడుతుంది అత్తయ్యా" అని కోడలు నసిగింది.

"గాలి కావాలంటే గదిలో ఫ్యాను వేసుకుందాంలే."

మూడోది నాలుగువైపులా దిట్టమైన రేకు, తలుపు వేస్తే అతికినట్టు మూసుకుంటోంది. గాజుబల్ల మీద పెట్టి నాలుగు మూలలా నొక్కింది, ఊగలేదు. చేతిసంచీలోంచి దూది తీసింది.

"అమ్మా, కొంటారా, పరీక్ష పెడతారా?" అన్నాడు దుకాణదారు.

"పాసైతే కొంటాం" అంది దూదమ్మ, తల ఎత్తకుండానే.

పాసైంది. లోపల నాలుగు వేళ్ల జాగా మిగులుతుందని కోడలు టేపుతో కొలుచుకుంది. అత్తాకోడళ్లు దాన్ని చెరోవైపు పట్టుకుని, దారంతా నవ్వుకుంటూ ఇంటికి మోసుకొచ్చారు. సాయంత్రానికల్లా బిగింపు పూర్తయింది. దూదమ్మ దర్జాగా తలుపు లోపల టిక్కు పెట్టి మూసింది.

బొమ్మ పని మొదలెట్టిన పావుగంటకు లోపలి ఫ్యాన్లు హోరెత్తాయి. తెర మీద వేడి చూపించే అంకె తొంభై దాటింది. టప్పున అంతా ఆరిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అంతే.

"నేనే ఏదో తప్పుగా బిగించి ఉంటాను" అంది కోడలు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ముఖం పక్కకు తిప్పుకుని మరీ అంది.

దూదమ్మ తలుపు తీసి చూసింది. అంకె దిగింది. మూసింది. ఎక్కింది. తీసి ఉంచుదామంటే ఇంట్లో పిల్లి ఒకటి, రెండో నిమిషంలోనే వెచ్చగా ఉందని లోపల తోక పెట్టేసింది.

"ఎందుకే తప్పు నీ మీద వేసుకుంటావు? దీనికి ఊపిరాడటం లేదు. నువ్వు చెప్తూనే ఉన్నావు, నేనే వినలేదు." దూదమ్మకు సిగ్గుతో ముఖం కందిపోయింది. పమిట చెంగుతో ఆ టిక్కును తుడిచేసింది. ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.

ఆదివారం తెల్లవారగానే ముందురేకు ఊడదీసి వసారాలో పెట్టింది. రిటైరైన రోజు తోటివాళ్లిచ్చిన చేతి డ్రిల్లు బయటికి తీసింది. చప్పుడేమిటని పోట్లాటకు వచ్చిన పక్కింటాయన చేతిలో స్కేలు పెట్టి, "వరస వంకరపోకుండా పట్టుకో బాబూ" అంది. ఆయన పట్టుకున్నాడు, పట్టుకోక చస్తాడా! రెండు వందల చిల్లులు. ఒక్కొక్కటీ ఆకురాయితో రుద్దింది. దూది ఎక్కడా చిక్కుకోలేదు.

మధ్యాహ్నం రేకు బిగించి కంప్యూటర్ పెట్టారు. అంకె అరవై, అరవై ఎనిమిది, డెబ్బై. అక్కడే ఆగింది. దూదమ్మకు నమ్మకం చాల్లేదు. దూది చిన్న పింజె తీసి చిల్లుల దగ్గర పట్టుకుంది. గాలి దాన్ని లాక్కుంది. దూది రేకుకు అతుక్కుని కూర్చుంది.

"అతుక్కుందే!" అని చిన్నపిల్లలా కేకేసింది. "నా జన్మలో దూది అంటుకుంటే సంతోషపడటం ఇదే!" కోడలు నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. పక్కింటాయన కూడా ఒక పింజె అడిగి తీసుకుని అతికించి చూశాడు.

సోమవారం తొమ్మిదింబావుకే బొమ్మ వెళ్లింది. సాయంత్రం జవాబు వచ్చింది, ఎప్పటినుంచి పనిలో చేరతారని. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని గిర్రున తిరిగారు. పిల్లి మంచం కిందికి పారిపోయింది.

"ఇంకా టిక్కు పెట్టలేదు అత్తయ్యా" అంది కోడలు, ఆయాసపడుతూ.

"ఒకసారి తప్పు టిక్కు పెట్టిన చెయ్యి. నువ్వే పెట్టు."

కోడలు సుద్దముక్క అందుకుంది. పెట్టె వైపు వెళ్లలేదు. అత్తగారి ఎడమచెయ్యి లాగి, మోచేతి కింద పెద్దగా టిక్కు గీసింది.

మర్నాడు దూదమ్మ స్నానాల గదిలో ఆ చెయ్యి తలుపు బయటికి చాపి, ఒంటిచేత్తోనే నీళ్లు పోసుకుంది.